పొడుగు కూత

జూన్ 9

అన్నయ్యకి,

ఫోన్ చేసి చెప్పచ్చు కదా అంటావు. చేస్తే రెండో మాట దగ్గర నన్ను ఆపి మూడోది నువ్వే అందుకుంటావు. ఆ పైన నాకు మిగిలేది "ఊఁ" ఒక్కటే. అందుకే రాస్తున్నాను. మనకిది కొత్తేం కాదు. నాన్న చెవుల్ని ఆ ఓడల యార్డు తినేశాక, అరిచి అరిచి గొంతు పోయి, పలక మీద రాసి చూపించేవాళ్ళం గుర్తుందా? ఇదీ ఆ పలకే అనుకో. అడ్డు రాకుండా చివరిదాకా చదువు.

అమ్మ ఒంట్లో బాగానే ఉంది. తింటోంది, నన్ను తిడుతోంది, మీ బావ చొక్కాలు నేను ఇస్త్రీ చేస్తే మడత కుదరలేదని మళ్ళీ చేస్తోంది. "మన ఉపన్యాసం ఎలా ఉన్నాడే?" అని నీ గురించి అడుగుతోంది. గొడవంతా శనివారం సాయంత్రాలతోనే.

యార్డు మూసేసిన చోట ఈ కళల వాడ వచ్చాక నేను అక్కడ టిక్కెట్ల కిటికీలో కూర్చుంటున్నానని నీకు తెలుసు. ఈమధ్య ఒక శబ్ద కళాకారుడు దిగాడు. పాత యార్డు మోతలన్నీ పోగేసి శనివారం పొద్దుగూకే వేళ ప్రదర్శన పెడుతున్నాడు. సుత్తి దెబ్బలు, గొలుసులు, ఆవిరి బుసలు, అన్నీ స్పీకర్లలోంచే. చివర్లో మాత్రం అసలు సైరన్ మోగిస్తారు. గేటు మీద ఉండేదే, మన సైరనే. మూడు పొట్టి కూతలు.

మూడు పొట్టి కూతలంటే లోపల ప్రమాదమని నీకు వేరే చెప్పక్కర్లేదు.

మొదటిసారి మోగినప్పుడు అమ్మ పాలు కాస్తోంది. కూత వినపడగానే తువ్వాలు తడిపి భుజాన వేసుకుని, చెప్పులైనా లేకుండా పరుగు. ఆవిడ మోకాళ్ళ సంగతి తెలిసిందేగా. అయినా పరుగే. నేను టిక్కెట్లు చింపుతూ తలెత్తి చూస్తే జనాన్ని తోసుకుంటూ అమ్మ! గేటుకి ఎడమ పక్క, మేం ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. దీపాలు వెలిగి జనం పలచబడేదాకా కదల్లేదు. అప్పట్నించీ ప్రతి శనివారం ఇదే. మామూలు రోజుల్లో నాన్న పోయాడని ఆవిడకి బాగా తెలుసు. ఫొటో తుడుస్తుంది, నిట్టూరుస్తుంది. ఆ ఒక్క సాయంత్రం మాత్రం తెలియదు.

మొన్న ఎవరో ఆవిడ్ని ఫోన్లో వీడియో తీశారు. ప్రదర్శనలో భాగమనుకున్నారట. చప్పట్లు కూడా కొట్టారు.

నువ్వొకసారి వచ్చి మా మేనేజరమ్మతో సైరన్ సంగతి మాట్లాడు. నేనడిగితే కిటికీలో మనిషి అడిగినట్టుంటుంది, నువ్వడిగితే పత్రికల్లో రాసే మనిషి అడిగినట్టుంటుంది. అడగాల్సింది చాలా చిన్నది. అదేమిటో నీకు తెలిసిందే.

వదిన నడుము నొప్పి తగ్గిందా?

నీ చెల్లెలు


జూన్ 14

చెల్లాయికి,

చివరిదాకా చదివాను. ఇప్పుడు నా వంతు. నువ్వూ అడ్డు రాకు.

అన్నం ముద్ద నోట్లో ఉండగా పరిగెత్తించింది ఎవరు? ఆ సైరన్. అర నిమిషం ఆలస్యమైతే గేటు మూయించింది ఎవరు? ఆ సైరనే. అది యాజమాన్యం గొంతు. నాన్నకి చెవులు పోయాక కూడా అది ఒక్కటీ వినపడేది, ఎందుకంటే ఆయన దాన్ని చెవులతో కాదు, భయంతో వినేవాడు. యార్డు మూసి మనుషుల్ని తరిమేశారు సరే. వాళ్ళ భయాన్ని మాత్రం జాగ్రత్తగా దాచి ఉంచి ఇప్పుడు టిక్కెట్టు పెట్టి వినిపిస్తున్నారు. పైగా చప్పట్లు!

నువ్వు "చిన్నది" అంటావు. ఒక ముసలావిడ గాయాన్ని వారం వారం రేపి వినోదంగా అమ్ముకోవడం నీకు చిన్నదిగా కనిపిస్తోందంటే, ఆ కిటికీలో కుర్చీ మరీ మెత్తగా ఉందన్నమాట. కోపం తెచ్చుకోకు. నిన్ను అనడం లేదు, కుర్చీని అంటున్నాను.

అడగడం నాకు చేతకాదు. నిలదీస్తాను. 21న వస్తున్నాను. అమ్మకి ముందే చెప్పకు, వంటింట్లోకి దూరి నా కోసం ఏదో ఒకటి చెయ్యాలని హడావిడి పడుతుంది.

మీ వదిన నడుము అలాగే ఉంది. నా పుస్తకాల కట్టలు ఎత్తడం వల్లేనట. అది కూడా నా మీదకే వచ్చింది.

అన్నయ్య


జూన్ 23

చెల్లాయికి,

బస్సులో నిద్ర పట్టలేదు. నీతో మాట్లాడకుండా వచ్చేశాను, అది తప్పే, ఒప్పుకుంటాను. ఆ కిటికీలో నిన్ను చూస్తే ఏదో ఒకటి అనేస్తానని భయం వేసింది.

బస్సు దిగి రేవు వైపు నడుస్తుంటే దారి తప్పాననుకున్నాను. గోడ ఉండాల్సిన చోట పచ్చగడ్డి, గడ్డి మీద రంగుల బల్లలు. రేకుల షెడ్డులో చిత్రాలు. ఓడని కూర్చోబెట్టి అడుగు గీకే ఆ పెద్ద గొయ్యిలో నీళ్ళు నింపి, నీళ్ళలో దీపాలు. నాన్న మొహానికి పెట్టుకునే వెల్డింగ్ ముసుగుల్ని బోర్లించి, లోపల బల్బులు పెట్టి, కాఫీ తాగేవాళ్ళ నెత్తిన వేలాడదీశారు. తుప్పుకి వార్నిష్ కొట్టారు చెల్లాయీ! రాలిపోకుండా! నాన్న ఊపిరితిత్తుల్లో దిగిన తుప్పుని ఇంత జాగ్రత్తగా ఎవడైనా చూసుకున్నాడా?

మీ గైడు పిల్ల మా గుంపుకి చెబుతోంది: "ఇక్కడ కార్మికులందరూ ఒకే కుటుంబంలా ఉండేవారండీ."

"ఏ కుటుంబంలోనమ్మా, ఒకడు మేడ మీదా మిగతావాళ్ళు నూనె ట్యాంకు అడుగునా ఉండేది?" అన్నాను.

పాపం, జోకనుకుని నవ్వింది. గుంపు కూడా నవ్వింది. నేను ఎంత కోపంగా మాట్లాడితే వాళ్ళకి అంత కులాసాగా ఉంది. నన్ను కూడా టిక్కెట్టులో కలిపారేమో అనుకున్నాను.

తర్వాత ఆ ప్రదర్శన. ఆ మూడు కూతలు. ఒళ్ళు జలదరించింది. నాకే అలా ఉంటే ఆవిడకి? అమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం తుడుచుకోవడానికి కాబోలు, తడి తువ్వాలు కూడా తెచ్చుకుంది. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "అన్నం తిన్నావురా?" అంది. "పద అమ్మా ఇంటికి" అన్నాను. "ఉండరా, ఇంకా అవలేదు" అంది. "అయిపోయిందమ్మా, అదంతా ఎప్పుడో అయిపోయింది" అన్నాను. నా చెయ్యి విదిలించుకుంది. ఎంత బలం ఆ చేతిలో! చివరికి నేనూ బావా రెండు పక్కలా పట్టుకుని నడిపించుకొచ్చాం. ఇంటి దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

మీ మేనేజరమ్మ చాలా మర్యాదస్తురాలు. "మీ బాధ మాకు అర్థమవుతోందండీ" అంది. "అర్థం చేసుకోవడం మీ ఉద్యోగం, బాధపడడం మా ఉద్యోగం. పని బాగానే పంచుకున్నాం" అన్నాను. ఆ మాట కూడా ఎక్కడో రాసుకుంది.

ఇంక అడగడాల్లేవు. వ్యాసం రాస్తున్నాను. అమ్మ పేరు పెట్టను.

అన్నయ్య


జూన్ 27

అన్నయ్యకి,

నువ్వు వచ్చావు, అరిచావు, వెళ్ళావు. నాకు కిటికీలోంచి నీ వీపు కనిపించింది.

ముందు కుర్చీ సంగతి తేల్చుకుందాం. నువ్వు గొప్పగా తలుచుకుంటున్న ఆ యార్డులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఉండేది కాదు. గేటు దగ్గర గంటల తరబడి నిలబడ్డ మాకు ఎవరూ తాగడానికి గ్లాసు నీళ్ళు ఇచ్చింది లేదు. ఇప్పుడు గేటు పక్కన కుళాయి ఉంది, లోపల శుభ్రమైన గది ఉంది, నాకు వీపు ఆనించుకునే కుర్చీ ఉంది. ముసుగుల్లో బల్బులు చూస్తే నాకూ మండుతుంది. మండుతూనే టిక్కెట్లు చింపుతాను. మంట నీ ఒక్కడి సొత్తు కాదు.

ఇక అసలు మాట. నీ ఉత్తరంలో తువ్వాలు మాట దగ్గర ఆగి మళ్ళీ చదివాను. నీకు నిజంగా తెలియదా అన్నయ్యా? తెలిసే ఉంటుందనుకుని నేను రాయలేదు. నిన్ను చిన్నప్పుడే హాస్టల్లో వేశారు కదా, వీడైనా ఈ గేటు తొక్కకూడదని. గేటు దగ్గర నిలబడింది నేనూ అమ్మా.

మూడు పొట్టి కూతలు ప్రమాదానికి. అది సగమే. లోపలి మనుషుల్ని లెక్క చూసుకుని, అందరూ బయటికి వచ్చాక ఒక పొడుగు కూత వేసేవాళ్ళు. ఊపిరి బిగపట్టి వింటే మన ఊపిరి ముందు అయిపోయేది, అంత పొడుగు. అది వినపడితే గేటు తెరుచుకునేది. నాన్న పొగకి కళ్ళు మండుతూ, ఎర్రగా, తడుముకుంటూ వచ్చేవాడు. అమ్మ తడి తువ్వాలు ఆయన కళ్ళ మీద వేసేది. ఆ తువ్వాలు ఆయన కోసం, ఆవిడ ఏడుపు తుడుచుకోవడానికి కాదు. నేను ఆవిడ గేటు దగ్గర ఏడవగా ఎన్నడూ చూడలేదు.

నాన్న ఒక్కసారి కూడా రాకుండా ఉండలేదు అన్నయ్యా. ప్రతిసారీ వచ్చాడు. ఆయన పోయింది మంచం మీద, నిద్రలో, మనందరం చుట్టూ ఉండగా. అమ్మకి ఆ గేటు గాయం కాదు. ఆయన బయటికి వచ్చే చోటు.

ఈ ప్రదర్శనలో పొడుగు కూత లేదు. పక్కన కట్టిన అపార్టుమెంట్ల వాళ్ళు గోల భరించలేమన్నారట, పొట్టివి మూడింటికే ఒప్పుకున్నారట. అందుకే అమ్మ అలా నిలబడిపోతోంది. నేను అడగమన్నది ఇదే, ఆ పొడుగు కూత ఒక్కటి చివర్లో వెయ్యమని. అది వింటే ఆవిడ "హమ్మయ్య" అని ఇంటికి వచ్చేస్తుంది. సైరన్ చూసే కరెంటాయన మంచివాడు, మేనేజరమ్మ ఒప్పుకుంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు.

నువ్వు వ్యాసం ఆపు. దయచేసి.

నీ చెల్లెలు


జూలై 2

చెల్లాయికి,

నీ ఉత్తరం వచ్చేసరికి పత్రిక బయటికొచ్చేసింది. ఒక ప్రతి పంపుతున్నాను. తడి తువ్వాలు గురించి నేను రాసింది తప్పని ఇప్పుడు తెలిసింది. అయినా చదివినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. వ్యాసంలో చివరి వాక్యం గోడల మీద రాస్తున్నారట: "ఇక ఈ గొంతు ఎవరినీ పరిగెత్తించకూడదు." సైరన్ ఆపాలని సంతకాలు పోగవుతున్నాయి. నేను అడక్కుండానే.

పొడుగు కూత సంగతి నాకు తెలియదు. తెలియకపోవడం బాధగానే ఉంది. కానీ ఆలోచించు. మూడు కూతలు అమ్మని పరిగెత్తిస్తున్నాయి, నాలుగోది వేసి ఇంటికి పంపుదాం అంటున్నావు. అంటే మళ్ళీ శనివారం మళ్ళీ పరుగు, మళ్ళీ మోకాళ్ళు, మళ్ళీ వీడియోలు. కూతకి కూత చేర్చి సర్దుకుపోదామా? నువ్వు అడిగితే వాళ్ళు తప్పకుండా వేస్తారు. వేసి, దానికి "ఊరట" అని పేరు పెట్టి, టిక్కెట్టు మీద ముద్రిస్తారు. మనం అడుక్కున్నదల్లా వాళ్ళ అలంకారమవుతుంది. కొట్టాల్సింది వేరు మీద. సైరనే ఆగితే పరుగే ఉండదు.

నీ ఉద్యోగం గురించి భయపడుతున్నావని నాకు అర్థమవుతోంది. "దయచేసి" అని నువ్వు నాకు ఇంతకు ముందెప్పుడూ రాయలేదు. నీ జోలికి వస్తే ఊరుకోను. నేనున్నాను.

రెండు వారాలు ఊళ్ళు తిరుగుతాను, సభలున్నాయి.

అన్నయ్య


జూలై 7

అన్నయ్యకి,

ఉద్యోగం కాదు. ఉద్యోగం కాదు. ఉద్యోగం కాదు. పలక మీదైతే కొట్టేసి పెద్దక్షరాలతో మళ్ళీ రాసి చూపించేదాన్ని.

సరే, ఇది విను. మేనేజరమ్మ ఒప్పుకుంది! నేనే అడిగాను, కిటికీలోంచి లేచి వెళ్ళి. నీ వ్యాసం ఆవిడ బల్ల మీదే ఉంది, గీతలు గీసి ఉంది. పొడుగు కూత సంగతి చెబితే ఆ వ్యాసం పక్కకి జరిపింది. తర్వాత "ఇది మాకెవరూ చెప్పలేదండీ" అంది. అపార్టుమెంట్ల వాళ్ళకి తనే సర్దిచెప్తానంది. ఆ శబ్ద కళాకారుడు తల పట్టుకున్నాడు. సగం వాక్యం వినిపిస్తున్నానా ఇన్నాళ్ళూ, అన్నాడు. పైకి బడాయిగా కనిపిస్తాడు గానీ చెడ్డవాడు కాదు. కరెంటాయన సైరన్ విప్పి శుభ్రం చెయ్యాలి, పొడుగ్గా ఊదితే గొంతు పగులుతోందట. ఈ శనివారం ప్రదర్శన లేదు. 19న వేస్తారు.

అమ్మకి చెప్పాను. "19న పొడుగు కూత వస్తుందమ్మా." నా మొహంలోకి చాలాసేపు చూసింది. "నిజంగానా?" అంది. "నిజంగా" అన్నాను. చిన్నపిల్లలా తలూపింది. అప్పట్నించీ హుషారుగా ఉంది, నాన్న తెల్లచొక్కా వెతికి తీసి ఇస్త్రీ చేసింది. మడత కుదిరిందట.

నిన్ను అడిగేది ఒక్కటే. సంతకాల వాళ్ళతో రెండు వారాలు ఆగమను. 19 దాటనివ్వు. ఆ తర్వాత నీ ఇష్టం, యార్డుని మొత్తం సముద్రంలో కలుపు, నేనే వచ్చి ఒక చెయ్యి వేస్తాను.

నీ చెల్లెలు


జూలై 17

చెల్లాయికి,

గెలిచాం!

రైల్లో రాస్తున్నాను, అక్షరాలు ఊగుతున్నాయి, ఏమనుకోకు. నిన్న ఆ కళల వాడని నడిపే కమిటీ కూర్చుని తీర్మానం చేసింది. సైరన్ ఇక మోగదు. ఈ శనివారమే కాదు, ఎప్పటికీ. "కార్మిక కుటుంబాల మనోభావాలను గౌరవిస్తూ" అట. వాళ్ళ భాష వాళ్ళది, పని మాత్రం మనది. ఇన్నేళ్ళుగా రాస్తున్నాను. నా రాతకి ఒక గడప కూడా కదలగా చూడలేదు. సభలో ఈ కబురు రెండుసార్లు చెప్పాను. నాన్న గుర్తొచ్చాడు. ముందు వరసలో కూర్చుని, వినపడకపోయినా తలూపుతున్నట్టు.

నీ ఉత్తరం ఒకటి ఇంటికి వచ్చిందని మీ వదిన చెప్పింది. వెళ్ళాక చదువుతాను. కోప్పడ్డావేమో. ఇప్పుడు చల్లబడి ఉంటావు.

ఈ శనివారం అమ్మ ఇంట్లోనే కూర్చుని నింపాదిగా పాలు కాచుకుంటుంది. ఆవిడ పాలు ఇక పొంగిపోవు. దానికి మించి నాకేం వద్దు.

అన్నయ్య


జూలై 21

అన్నయ్యకి,

ఇంటికొచ్చిన నా ఉత్తరం చదివే ఉంటావు ఈపాటికి.

19న అమ్మ మధ్యాహ్నమే తయారైంది. తల దువ్వుకుంది. తువ్వాలు తడిపింది. నాన్న చొక్కా సంచిలో పెట్టుకుంది. పొట్టి కూతలు రాకపోయేసరికి "ఇవాళ పొడుగుదే నేరుగా వస్తుందేమోలే" అని తనే గేటు దగ్గరికి బయల్దేరింది. నేను అప్పటికే కిటికీలో ఉన్నాను. నాకు ముందురోజే తెలుసు. ఇంట్లో చెప్పలేకపోయాను.

కరెంటాయన నా దగ్గరికి వచ్చి చేతులు చూపించాడు. వారమంతా విప్పి, తుడిచి, బిగించాడట, నూనె మరకలు ఇంకా పోలేదు. "బాగుపడిందమ్మా, మంచి గొంతు" అన్నాడు. మేనేజరమ్మ నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. ఆవిడ పైవాళ్ళకి ఫోన్ చేసి అడిగిందట, ఒక్కసారి వేసి ఆపేస్తామని. తీర్మానం అయ్యాక ఒక్కసారి కూడా కుదరదన్నారట. ఎవరైనా వీడియో తీస్తే నీలాంటివాళ్ళు ఊరుకోరని.

అమ్మ నిలబడే ఉంది. మీ బావ వెళ్ళి పిలిచాడు. రాలేదు. నేను వెళ్ళాను.

"నువ్వే చెప్పావుగా వస్తుందని" అంది.

ఏం చెప్పను? చెప్పు, నువ్వు మాటలవాడివి కదా.

ఇదివరకు శనివారం ఒక్కటే. ఇప్పుడు రోజూ వెళ్తోంది అన్నయ్యా. అంతకు ముందు పొట్టి కూతలు మోగి, పొడుగుది రాక, నేనేమో వస్తుందని మాటిచ్చి! ఆవిడ లెక్కలో నాన్న ఇంకా లోపలే ఉన్నాడు. మామూలు రోజుల్లో ఆయన పోయాడని తెలిసేది, ఇప్పుడు ఏ రోజూ తెలియడం లేదు. ఫొటో తుడవడం మానేసింది.

చెల్లెలు


జూలై 28

చెల్లాయికి,

నీ రెండు ఉత్తరాలూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చున్నాను. మీ వదిన అన్నం పెట్టి తీసేసింది.

కమిటీకి రాశాను. ఒక్కసారి, ఒకే ఒక్క పొడుగు కూత వెయ్యమని. అడగడం నాకు చేతకాదని నీకు రాశాను కదా. నేర్చుకున్నాను. బతిమాలుతూ రాశాను. జవాబు వెంటనే వచ్చింది. చాలా మర్యాదగా. "తమ వ్యాసమే మా కళ్ళు తెరిపించింది. అందులో తమరే అన్నట్టు, కూత ఏదైనా అది యాజమాన్యం గొంతే" అని నా వాక్యాలే నాకు వడ్డించారు. ఎక్కడా ఒక్క అక్షరం మార్చలేదు. నేను రాసిన దానికి నేనే జవాబు చెప్పలేకపోయాను. బాగా రాశాను మరి.

సంతకాలు చేసినవాళ్ళకి చెప్పాను. ఒకాయన నన్ను అనుమానంగా చూసి "యాజమాన్యం మీతో ఏమైనా మాట్లాడిందా సార్?" అన్నాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాడిని. అపార్టుమెంట్ల సంఘం వాళ్ళు కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం పంపారు. సాయంత్రాలు ప్రశాంతంగా ఉన్నాయట. నా పోరాటం వల్ల హాయిగా నిద్రపోతున్నది వాళ్ళు.

సైరన్ విప్పేసి గాజు పెట్టెలో పెట్టారని చదివాను. నిజమేనా? ఆ శబ్ద కళాకారుడి దగ్గర రికార్డు ఏదైనా ఉంటుందేమో అడుగు. ఫోన్లో వినిపిస్తే? నాన్నతో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు వచ్చి చెబితే? ఏదో ఒకటి చెయ్యమని నిన్ను అడగడం ఎంత సులువుగా ఉందో చూడు.

అన్నయ్య


ఆగస్టు 6

అన్నయ్యకి,

నువ్వు చెప్పినవన్నీ చేశాం.

రికార్డు దొరికింది. గేటు దగ్గరే నిలబెట్టి ఫోన్లో వినిపించాను. అమ్మ ఓపిగ్గా చివరిదాకా విని, "ఇది ఫోనే. నాకు చెవుడా? చెవుడు మీ నాన్నకి" అంది.

నాన్న జట్టులో మిగిలింది ముగ్గురు. కబురు పెడితే వచ్చారు, ఒకాయన కర్రతో. గేటు లోపలికి వెళ్ళి, ముగ్గురూ నోటి చుట్టూ చేతులు పెట్టుకుని ఒకేసారి కూత వేశారు. కర్రాయనకి కట్టుడు పళ్ళు ఊడి చేతిలో పడ్డాయి. అమ్మ పడీ పడీ నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆవిడ అలా నవ్వి! "ఇంత వయసొచ్చి ఏమిటయ్యా ఈ వేషాలు" అని కుళాయి దగ్గర నీళ్ళు పట్టి ఇచ్చింది. వాళ్ళు తాగారు. గేటు దాటి బయటికి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డారు. అప్పుడు అమ్మ ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసి, "మీరంతా వచ్చేశారు. మరి ఆయనేడీ?" అంది.

కర్రాయన తట్టుకోలేక వెళ్ళిపోయాడు.

గాజు పెట్టె నిజమే. గేటు పక్కనే పెట్టారు, అమ్మ నిలబడే చోటికి ఎదురుగా. లోపల సైరన్, నున్నగా, కరెంటాయన తుడిచినట్టే ఉంది. కింద ఇత్తడి పలక మీద నీ వాక్యం. ఒక్క మాట దిద్దారు: "ఇక ఈ గొంతు ఎవరినీ పరిగెత్తించదు." నిన్న అమ్మ కళ్ళజోడు తుడుచుకుని అది చదివింది. రెండుసార్లు చదివింది.

"లోపల మనుషులుండగా సైరన్ ఆపేస్తారటే? ఎవడే ఇది రాసింది?" అంది.

నేను చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను, ఆ భయం పెట్టుకోకు. నీ మీద కోపం కూడా అయిపోయింది అన్నయ్యా, అరవడానికి ఓపిక లేక. మాట ఇచ్చింది నేను కదా. నువ్వు ఆపించావు, నేను వస్తుందన్నాను. మనిద్దరి మధ్యా ఆవిడ నిలబడిపోయింది.

ఇదివరకు తువ్వాలు ఆరేదాకా ఉండి వచ్చేసేది. ఇప్పుడు ఆరితే కుళాయి దగ్గర మళ్ళీ తడుపుకుంటోంది.

వీలైతే రా. ఏమీ రాయకు, ఎవరితోనూ మాట్లాడకు. ఊరికే ఆవిడ పక్కన నిలబడు, గేటుకి ఎడమ పక్క. "అన్నం తిన్నావురా?" అని అడుగుతుంది, తిన్నానని చెప్పు. వచ్చేటప్పుడు ఒక పొడి తువ్వాలు తెచ్చుకో. మన ఇంట్లో ఉన్నవన్నీ తడిగానే ఉంటున్నాయి.

నీ చెల్లెలు